సున్నా గదిలో ఒకటి

రోజు 41

సున్నా గదిలో ఈ ఉదయం ఒకటి వచ్చింది.

రోజూ జనం మనసు బరువు రాసే మట్టం పుస్తకంలో మాత్రం సున్నా అనే రాశాను. అక్కడ అబద్ధం రాసినందుకు ఎక్కడో ఒకచోట నిజం ఉండాలనిపించి ఈ రెండో పుస్తకం మొదలుపెట్టాను. ఎవరిదో పాత జువాలజీ రికార్డు. ఎడమవైపు తెల్ల పేజీల్లో కప్ప గుండె, కప్ప జీర్ణకోశం బొమ్మలున్నాయి. కుడివైపు గీతల పేజీలు ఖాళీ.

ఈ ఎండాకాలానికి కొండ తలుపు మూసి నలభై ఒక్క రోజులైంది. లోపల నాలుగు వందల పన్నెండు మందిమి ఉన్నాం. తొలకరి పడేదాకా తలుపు తీయరు. నిన్న మధ్యాహ్నం బయట వేడి యాభై మూడు.

పని మామూలుగానే జరిగింది. అయిదింటికి లేచి సున్నా గదికి రెండు వందల ఇరవై అడుగులు నడిచాను. సొరంగం చివర, గోడలకి గోనె సంచులు కొట్టిన చిన్న గది. అంత దూరాన నా చెవి వెనక తీగకి ఎవరి మనసూ అందదు. అక్కడ గంటసేపు కూర్చుంటే ముందురోజు జనం దగ్గర అంటుకున్నదంతా దిగిపోతుంది. కడుపు పైన బరువు పూర్తిగా పోయాక సున్నా అని రాస్తాను. అప్పుడు జనమంతా ఉండే సావిడికి వెళ్ళి గుమ్మంలో నిలబడి, అందరి బరువూ కలిపి ఎంతో చూసి, పదిలో ఒక అంకె వేస్తాను. చీటీ కొండ బాధ్యత చూసే అప్పలనరసమ్మ గారికి ఇస్తాను. దాన్ని బట్టి ఆవిడ ఆ రోజు గాలి ఎంత, దీపాలు ఎంత, ఆటపాటల సందడి ఎంత అన్నది నిర్ణయిస్తారు.

ఈ రోజు గంట కూర్చున్నా ఆ ఒకటి దిగలేదు.

నిద్ర చాలక అయి ఉంటుంది.

రోజు 42

ఒకటి. అంబలి తాగకుండా కూర్చుని చూశాను. తేడా లేదు.

రోజు 44

రెండు.

తీగ అందరికీ ఉంది. జ్వరాల ఏడాది పిల్లా పెద్దా అందరికీ పెట్టారు, ఒళ్ళు వేడెక్కితే ముందే తెలియడానికి. నూటికి ఒకరికో ఇద్దరికో అది పక్కవాళ్ళ మనసు కూడా మోసుకొస్తుందని తర్వాత తెలిసింది. ముప్పై అడుగుల దాకా. అలాంటివాళ్ళని పల్చనివాళ్ళు అంటారు. తీగ పెట్టక ముందు కూడా నేను అంతేనని అమ్మ అనేది. పెళ్ళిళ్ళకి వెళ్తే నాకు జ్వరం వచ్చేదట.

ఈ పని నాకు నేర్పింది మాణిక్యమ్మ గారు. ఆవిడ చెప్పిన నియమం ఒక్కటే. "సున్నా తప్పిన రోజు పెన్సిలు కింద పెట్టి సావిడిలోకి వెళ్ళిపో. నీ బరువు కలిసిన అంకె ఎవరికీ పనికిరాదు."

సావిడిలోకి వెళ్ళడమంటే అక్కడ పడుకోవడం, తినడం, బట్టలు మార్చుకోవడం. మట్టం రాస్తున్నందుకు ఇప్పుడు నాకు తలుపున్న గది ఉంది. కొండ మొత్తంలో ఒక్క మనిషికని తలుపున్న గది ఇదొక్కటే. లోపల ఒక మంచం, ఒక బల్ల, పదకొండు పుస్తకాలు. మనిషికి ఎనిమిది కిలోల సామాను తెచ్చుకోవచ్చు. నేను ఆరు కిలోలు పుస్తకాలు తెచ్చుకున్నాను.

రెండు అని ఎవరికీ చెప్పలేదు.

రోజు 46

రెండున్నర.

తప్పు ఎక్కడుందో వెతికాను. ఇది నాకు అలవాటే. కాన్వెంటులో సిస్టర్ బెర్నదెత్ ప్రతి సాయంత్రం పది నిమిషాలు కళ్ళు మూయించి, ఆ రోజు చేసిన తప్పులు చిన్న పుస్తకంలో రాయించేవారు. రాయడానికి ఏమీ దొరకని రోజు పక్క బెంచీ అమ్మాయి తప్పు నాదిగా రాసేదాన్ని. ఆ పుస్తకం ఎప్పుడూ నిండుగా ఉండేది.

కాన్వెంటు నుంచే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఫిజిక్స్ ల్యాబులో మా స్క్రూ గేజీలు చాలా పాతవి. మధ్యలో ఏమీ పెట్టకుండా బిగించినా సున్నా చూపించేవి కావు. దాన్ని జీరో ఎర్రర్ అంటారు. అందుకని గేజీని పారేయనక్కర్లేదు. వచ్చిన కొలతలోంచి ఆ తేడా తీసేస్తే సరిపోతుంది.

సావిడిలో నాలుగున్నర వచ్చింది. రెండున్నర తీసేశాను. చీటీ మీద రెండు అని రాశాను.

రోజు 47

చీటీ చూసి అప్పలనరసమ్మ గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు.

"మళ్ళీ రెండేనా? మొన్నటి దాకా నాలుగు కదే."

"రెండేనండీ."

"ఏటి సేసినామని తగ్గింది?"

నేను నేల మీద ఆవిడ రబ్బరు చెప్పులు చూశాను, తెగిన పట్టీ రాగి తీగతో కుట్టి ఉంది. జవాబు ఆవిడే చెప్పుకున్నారు.

"నాయుడి సేత తప్పెటగుళ్ళు ఎయించినాను కదా, అదీ సంగతి. జనాన్ని ఖాళీగా కూకోనివ్వకూడదు గుంటా. మనిషి పక్కన మనిషుండాలి. రెండు నిముషాలు ఒగ్గీసినా మనసు ఎటో పోతాది."

ఆవిడ ఆ మాట ఎందుకంటారో కొండలో అందరికీ తెలుసు. నాలుగేళ్ళ కిందట ఆవిడ చెల్లెలు వరాలు గారు కొండ పక్క తలుపు గడియ తీసుకుని మధ్యాహ్నం ఎండలోకి నడిచి వెళ్ళిపోయారు. నలభై అడుగులు నడిచారట. మాణిక్యమ్మ గారి చేతిరాతలో ఆ రోజు సావిడి మట్టం రెండు. అంకె తప్పు కాదు. నాలుగు వందల మంది మధ్య ఒక్కరి బరువు తెలియదు. సంతలో ఒక్కరి గొంతు తెలియనట్టే.

ఈ రోజు నుంచి సందడి రెండు పూటలు.

రోజు 51

సున్నా గది మూడు. సావిడి అయిదు. చీటీ మీద రెండు.

అంబలి తెచ్చే సూరమ్మ గిన్నె బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"ఏటమ్మా, మాటాడితే పళ్ళు రాలిపోతాయేటి నీకు?"

"లేదు సూరమ్మా."

"మా గేదె నయం నీకన్నా. గడ్డేస్తే ఓపాలి అంబా అనేది." పుస్తకాల వైపు చూసింది. "ఇవన్నీ సదివీసినావా?"

"చదివేశాను."

"మరింకెందుకూ ఇంకా సూడ్డం?"

దీనికి మంచి జవాబు ఉంది. అది ఆమె వెళ్ళిపోయిన గంటకి తట్టింది.

రోజు 54

సందడి దగ్గర నిలబడటం కూడా నా పనిలో భాగమే. ఎంత తగ్గిందో చూడాలి కదా.

సందడి చేసేది పోలినాయుడు గారు. బొబ్బిలి దగ్గర, తప్పెట కొడుతూ ఆడిపాడే తప్పెటగుళ్ళ జట్టులో పుట్టారు. నలభై ఏళ్ళుంటాయి. కాళ్ళకి గజ్జెలు, నడుముకి తువ్వాలు. ఆయన గుమ్మంలో కనిపిస్తే చాలు, పిల్లలు లేచి నిలబడతారు. ఒకరిని పట్టుకుని ఆట పట్టిస్తారు. అది అయ్యేసరికి ఇంకొకరిని. ఎవరూ నొచ్చుకోరు. ఎక్కడ ఆపాలో ఆయనకి తెలుసు.

"అదిగో, మట్టం గుంట వొచ్చీసింది! మనసులు సర్దుకోండర్రా, ఎవులి కుళ్ళు ఆలు దాసుకోండి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాలనుకున్నాను గానీ ఆలస్యమైంది.

ఒక సంగతి గమనించాను. జోకు వేసేటప్పుడు ఆయన మన మొహం చూడరు. తల మీదుగా వెనక గోడని చూస్తారు.

రోజు 58

సున్నా గది నాలుగు. సావిడి అయిదు. తీసివేస్తే ఒకటి.

ఒకటి అనే అంకె కొండలో ఎప్పుడూ రాలేదట. అప్పలనరసమ్మ గారు నా భుజం తట్టారు. నన్ను ఎవరైనా తాకితే పడదని ఆవిడకి తెలుసు, సంతోషంలో మరిచిపోయారు. పోలినాయుడు గారిని పిలిపించారు.

"నాయుడూ, నీ సెయ్యి మంచిది. రేపట్నించి పొద్దుట పూట కూడా ఎయ్యి."

"మూడు పూటలా అమ్మా?"

"ఏటి, గొంతు నొప్పెడతాదా?"

"నొప్పికేటమ్మా, గొంతుంటే కదా." ఆయన రెండు చేతులూ చెవులకి పెట్టుకుని ఎగిరి గజ్జెలు మోగించారు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు.

నేను నా గదికి వెళ్ళి తలుపు వేసుకుని గోడ చెమ్మ తుడిచాను. తుడవాల్సిన రోజు ఇది కాదు.

రోజు 60

అయిదు.

నాలో అయిదు ఉందంటే నాకు తెలియాలి. నేను తింటున్నాను, చదువుతున్నాను, నిద్రపోతున్నాను. ఆ గదిలో కూర్చున్నప్పుడు మాత్రమే కడుపు మీద రాయి పెట్టినట్టు ఉంటుంది. లేచి వచ్చేస్తే పోతుంది. నాకు ఒంటరితనమే ఇష్టమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అదీ సరిపడటం లేదేమో.

రోజు 61

ఒకటి!

గంట కాదు, గంటన్నర కూర్చున్నాను. ఒకటే. అది కిందికి దిగలేదు, పైకి పోలేదు. దోషం తగ్గిపోతోందని సంతోషపడ్డాను. సావిడి అయిదు. చీటీ మీద నాలుగు అని రాశాను.

అప్పలనరసమ్మ గారు మొహం చిట్లించారు. "సూసినావా, ఒక్క రోజు ఆగితే ఎంతకెళ్ళిపోనాదో. నాయుడికి గొంతు పోనాది. నిన్న పొద్దుటేల నుంచీ మాట నేదు. తువ్వాలు కప్పుకుని సావిడిలో పడుకున్నాడు."

"అయ్యో."

"రేపటికి లేస్తాడులే. మిరియాల కాఫీ పట్టిస్తున్నాను."

రోజు 62

పోలినాయుడు గారు లేచారు. మూడు పూటలూ గొంతు లేకుండానే ఆడారు. చేతులతో, కళ్ళతో. జనం పడీ పడీ నవ్వారు.

సున్నా గది అయిదున్నర.

రోజు 63

ఇదంతా ఈ ఉదయం జరిగింది. వరసగా రాస్తాను.

సున్నా గదిలో ఆరు వచ్చింది. భయం వేసి లేచి నిలబడ్డాను. గుమ్మం దాటి సొరంగంలోకి పది అడుగులు వేశాను. నాలుగయింది. ఇంకో పది అడుగులు వేస్తే ఒకటి. వెనక్కి వచ్చాను. ఆరు. వెనక గోడకి ఆనుకుంటే ఏడు.

స్క్రూ గేజీలో జీరో ఎర్రర్ గేజీతో పాటే ఉంటుంది. దాన్ని ఏ బల్ల మీదికి తీసుకెళ్ళినా తేడా మారదు. ఇది నాతో నడవలేదు. ఇక్కడే ఉంది. గోడకి అవతల.

గోడకి అవతల వాన నీటి కాలువ ఉంది. కొండ మీద పడ్డ నీళ్ళు తొట్టెలోకి రావడానికి తవ్విన సొరంగం. ఎండాకాలం పొడిగా ఉంటుంది. దాని చివర ఉన్నదే పక్క తలుపు.

కాలువలోకి దారి వంటశాల వెనక నుంచి. నేను ఎప్పుడూ పరుగెత్తను. ఈ రోజు పరుగెత్తాను. సూరమ్మ పొయ్యి దగ్గర నుంచి ఏదో అంది, వినలేదు.

పోలినాయుడు గారు కాలువలో నేల మీద కూర్చుని ఉన్నారు. గజ్జెలు విప్పి, మోగకుండా తువ్వాలులో మూట కట్టి పక్కన పెట్టుకున్నారు. ఆయన మోకాళ్ళ మీద ఇనుప గడియ ఉంది. పక్క తలుపు ఆయనకి ఆరడుగుల దూరం. వేసే ఉంది, కానీ గడియ లేదు. తలుపు కింద సందులోంచి వెలుతురు గీతలా పడుతోంది. ఆ గీత దగ్గర నేల అప్పటికే వేడెక్కి ఉంది.

"తీసుకుపోదామని వొచ్చినావేటి?" అన్నారు, నన్ను చూడకుండా. గొంతు బొంగురుగా ఉంది.

"లేదండీ."

"అరుస్తావేటి?"

"నాకు అరవడం రాదు."

నవ్వారు. సావిడిలో నవ్వే నవ్వు కాదు. శబ్దం లేదు.

నేను కొంచెం ఎడంగా కూర్చున్నాను. ఏడు. ఒక్క మనిషిది ఏడు. ఒక్క మనిషి బరువు ఇంతగా విడిగా తెలియడం నాకు ఇదే మొదటిసారి. నాది కానిది ఇలా కూడా ఉంటుందని తెలియకే ఇన్ని రోజులు నాదనుకున్నాను.

చాలాసేపటికి ఏడు ఆరైంది.

"ఎవులికి ఎక్కడ నవ్వొస్తాదో నాకు ముందే తెలుస్తాది," అన్నారు. "సిన్నప్పుడు నేదు. తీగ పెట్టినాక. ఎవులికి నొప్పో, ఎవులికి కోపమో, అన్నీ ఒచ్చి మీద పడతాయి."

"మీరూ పల్చనివారే."

"ఆ మాట పైకి అనకు. అంటే సందడి ఎవులు సేస్తారు?" గడియని అరచేత్తో తుడిచారు. "నాను నవ్విస్తాను కదా, ఎందుకో తెలుసునా? నవ్వుతున్నంత సేపు ఎవులూ నన్నేటీ అడగరు. నా మొకం సూడరు. రోజుకోపాలి అయితే కాసుకునీవోడిని. రెండంటే కట్టం. మూడంటే మరి నావల్ల కాదమ్మా."

"ఇక్కడికే ఎందుకొస్తున్నారు?"

"గోడవతల నువ్వుంటావు కదా." అది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పారు. "తెల్లారగట్ల ఆ గోడ దగ్గర ఓ సిన్న బరువు. నన్నేటీ అడగదు. దాని పక్కన కూకుంటే నాది కొద్దిగా ఆగుతాది. నిన్నా ఇయ్యాలా ఆగనేదు."

"నాకు బరువు ఉండదండీ. నాది సున్నా."

"సున్నా ఏటి? ఒకటుంటాది. ఎప్పుడూ ఉన్నాది."

గడియ ఇవ్వమని అడిగాను.

"ఇస్తే సెప్తావు. సెప్తే ఆయమ్మ ఇద్దరిని కాపలా పెడతాది. పొద్దస్తమానం పక్కన కూకుని ఏటాలోసిస్తన్నావు నాయుడూ, ఏటాలోసిస్తన్నావు నాయుడూ అని. దానికన్నా ఈ ఎండే నయం."

అప్పుడు ఆయనకి అంకెల సంగతి చెప్పాను. సున్నా గదిలో వచ్చినదాన్ని నా దోషం అనుకున్నానని, రోజూ దాన్ని సావిడి అంకెలోంచి తీసేశానని, అంకె తగ్గడం చూసి అదంతా ఆయన సందడి వల్లేనని అప్పలనరసమ్మ గారు నమ్మారని, అందుకే పూటలు పెరిగాయని. ఆయన బరువు పెరిగినకొద్దీ నేను ఇంకా ఎక్కువ తీసేశానని.

ఆయన మొదటిసారి నా మొహం చూశారు.

"అంటే ఇన్ని రోజులూ నువ్వు తీసీసినది నన్నా?"

"అవునండీ."

ఆయన గడియ నా వైపు నేల మీద జరిపారు. అది నేను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. తలుపుకి గడియ వేస్తే మళ్ళీ తీయవచ్చు. అందుకని వేయకుండా తలుపుకి రెండు నీళ్ళ డ్రమ్ములు అడ్డం దొర్లించి, గడియ చేత్తో పట్టుకుని ఆయనతో పాటే వచ్చాను. డ్రమ్ములు దొర్లించడంలో ఆయనే సాయం చేశారు.

అదే రోజు, తర్వాత

అప్పలనరసమ్మ గారి బల్ల మీద రెండు వస్తువులు పెట్టాను. మట్టం పుస్తకం, గడియ.

పుస్తకం ఆవిడ చూడలేదు. గడియ చూశారు. చాలాసేపు దాన్నే చూశారు.

"ఎవులు?"

"చెప్పను."

"సెప్పకపోతే ఎలగే? మనిషిని పెట్టాల పక్కన."

"మనిషిని పెడితే వెళ్ళిపోతారు."

"నీకేటి తెలుసు?"

ఇరవై మూడు రోజుల అంకెలు విప్పి చూపించాను. ఎర్ర పెన్సిలుతో ప్రతి అంకె పక్కన అసలు అంకె రాసి తీసుకెళ్ళాను. అది చూసి ఆవిడ అరిచారు. అరుపులు ఇక్కడ రాయను. అన్నీ న్యాయమైనవే. "నీ గది కోసం నాకు అబద్ధం రాసినావా గుంటా?" అన్నది అందులో ఒకటి. అవునన్నాను.

అరిచాక ఆవిడ నీళ్ళు తాగారు. అప్పుడు నేను అడగకూడనిది అడిగాను. నా గొంతు నాకే వినపడలేదు, రెండోసారి అడగాల్సి వచ్చింది.

"వరాలు గారి పక్కన ఆ రోజు ఎవరున్నారండీ?"

ఆవిడ నన్ను బయటికి పొమ్మంటారనుకున్నాను.

"నానే. పొద్దుట్నించి దాన్ని వొదల్నేదు. పాటలు పాడించినాను. జడేసినాను. ఊరుకుంటే దిగులొస్తాదని మాటాడతానే ఉన్నాను. అప్పా, రెండు నిముషాలు ఊరుకోయే అంది. నాను ఊరుకోనేదు." గ్లాసు బల్ల మీద తిప్పుతున్నారు. "నీళ్ళకని లేచినాను. రెండు నిముషాలు. అంతే."

ఆవిడ గ్లాసు తిప్పడం ఆపారు.

"ఏటి సెయ్యమంటావు?"

కాగితం మీద రాసుకుని వెళ్ళాను, మాటలు తడబడతాయని. సందడి మళ్ళీ రోజుకి ఒక పూట. నా గది పగలంతా ఖాళీగా ఉంచాలి. తలుపుకి లోపల గొళ్ళెం. ఎవరైనా వెళ్ళి ఒక గంట కూర్చోవచ్చు. గుమ్మం ముందు చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. పేరు అడగకూడదు, తలుపు కొట్టకూడదు, బయటికి వచ్చాక ఏం ఆలోచించావని అడగకూడదు.

ఆవిడ రెండుసార్లు చదివారు.

"నీ గది నువ్విచ్చీదేటి. సున్నా తప్పినప్పుడే అది పోనాది."

"తెలుసండీ."

"సావిడిలో ఉండగలవా?"

"తెలియదండీ."

"మట్టం మాత్రం నువ్వే రాయాల. మరెవులున్నారు? సావిడిలో పడుకునే రాయి."

రోజు 65

సావిడి. నా చోటు అంబలికి తెచ్చిన చోడి బస్తాలకీ సూరమ్మ చాపకీ మధ్య. తెల్లారేసరికి నాకు జ్వరం వచ్చింది.

పోలినాయుడు గారు ఒకే పూట ఆడారు. పిల్లలు గొడవ చేశారు. అప్పలనరసమ్మ గారు వాళ్ళని కసిరారు.

నా పాత గది ముందు చెప్పులు లేవు. ఎవరూ వెళ్ళలేదు.

రోజు 66

చెప్పులు లేవు. సావిడి మట్టం అయిదున్నర. ఏదీ తీసివేయకుండా రాశాను. అప్పలనరసమ్మ గారు చీటీ చూసి జేబులో పెట్టుకున్నారు. రేపు కూడా ఇలాగే ఉంటే మూడు పూటలూ మళ్ళీ పెడతానని సూరమ్మతో అన్నారట.

రోజు 67

సావిడి మట్టం అయిదు. గది ముందు పెద్ద తోలు చెప్పులు. మడమ దగ్గర గజ్జెల రాపిడి గుర్తులు ఉన్నాయి. నేను అటు వెళ్ళలేదు. దూరం నుంచి చూసి వచ్చాను.

ఆయన బయటికి వచ్చాక ఇంకో జత. ఆ తర్వాత వడ్రంగి గారివి. ఆయన రోజంతా గట్టిగా మాట్లాడే మనిషి.

రోజు 70

సూరమ్మ తన పాత చీర ఒకటి తెచ్చి బస్తాకీ మేకుకీ మధ్య అడ్డంగా కట్టింది.

"దీనవతల నువ్వు లేవనుకుంటాను. నువ్వూ నాను లేననుకో."

"సరే సూరమ్మా."

"అబ్బో, అంబా అనీసింది!"

ఆమె గురక చీరలోంచి బాగానే వస్తుంది. మనసు మాత్రం తేలిక. అందరూ నిద్రపోయాక పక్కనున్న ఆమె బరువు విడిగా తెలుస్తుంది, అరకంటే ఎక్కువ ఎప్పుడూ రాలేదు. సావిడిలో పడుకోకపోతే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

జ్వరం తగ్గింది. మధ్యాహ్నం నా వంతు గంటకి నా పాత గదికి వెళ్ళాను. పుస్తకాలు అక్కడే వదిలేశాను. ఎవరో నాలుగో పుస్తకంలో కోడి ఈక గుర్తు పెట్టుకున్నారు.

రోజు 76

సావిడి మట్టం మూడున్నర. సందడి ఒక పూట.

ఈ రోజు గది ముందు పదమూడు జతలు వచ్చి వెళ్ళాయి. సాయంత్రం చివరి జత రబ్బరు చెప్పులు, పట్టీ తెగితే రాగి తీగతో కుట్టినవి. అలాంటి చెప్పులు కొండలో ఒక్కరివే. గంట దాటినా అవి అక్కడే ఉన్నాయి. వరసలో నిలబడ్డ వడ్రంగి గారు తలుపు కొట్టబోతే పోలినాయుడు గారు ఆయన చెయ్యి పట్టుకుని, వెనక్కి తీసుకెళ్ళి, నెమ్మదిగా ఏదో జోకు చెప్పారు. ఈసారి ఆయన మొహం చూస్తూ చెప్పారు.

రోజు 82

అయిదింటికి సున్నా గదికి వెళ్ళాను. పోలినాయుడు గారు కాలువకి రావడం మానేసి పదిహేను రోజులైంది. పక్క తలుపుకి కొత్త గడియ, దానికి తాళం. గోడకి అవతల ఎవరూ లేరు. వెళ్ళి చూసి వచ్చాను.

గంటసేపు కూర్చున్నాను. ఒకటి.

లేచి గుమ్మం దాకా నడిచాను. ఒకటి. వెనక గోడకి ఆనుకున్నాను. ఒకటి. సొరంగంలో వంద అడుగులు వెళ్ళి, తిరిగి వచ్చాను. ఒకటే, అడుగడుక్కీ నాతో పాటే ఉంది.

మొదటి నలభై రోజులూ నిజంగా సున్నా ఉండేదో, ఉండాలి కాబట్టి రాశానో ఇప్పుడు చెప్పలేను.

మట్టం పుస్తకం తెరిచాను. సున్నా గది అని ఉన్నచోట ఒకటి అని రాశాను. తర్వాత సావిడికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. జనం ఇంకా లేవలేదు, సూరమ్మ పొయ్యి రాజేస్తోంది. నాలుగు వచ్చింది.

నాలుగు అని రాశాను. ఏదీ తీసివేయలేదు.